ప్రాణం నిలిపే మందు – మూత్రపిండాల రక్షణ

కరోనా రెండో విజృంభణ వేళ, 2021 మే 20న, తెలంగాణ ప్రభుత్వం బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియపరచవలసిన వ్యాధిగా ప్రకటించింది. చికిత్సకు హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆస్పత్రిని ప్రధాన కేంద్రంగా నిర్ణయించింది. హుజూరాబాద్ వాసులకు అది నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. కనుక ఇల్లు చేరిన రోగిని కనిపెట్టుకొని ఉండవలసింది కుటుంబమే.

ఈ వ్యాధికి ముఖ్యమైన మందు యాంఫోటెరిసిన్-బి. ఇది శిలీంధ్రాన్ని చంపుతుంది. కాని మూత్రపిండాలకు వెళ్లే రక్తనాళాలను కుంచింపజేసి, లోపలి సూక్ష్మ నాళికలను దెబ్బతీయగలదు. అప్పుడు రక్తంలో క్రియాటినిన్ పెరుగుతుంది. పొటాషియం, మెగ్నీషియం మూత్రంలో పోతాయి. లైపోసోమల్ రకంతో ఈ ముప్పు తగ్గుతుందేగాని తొలగిపోదు. అందుకే వైద్యులు ముందుగా సెలైన్ ఎక్కించి, తరచూ రక్తపరీక్షలు చేయిస్తారు.

అయితే భయపడి మందు మానడం ప్రాణాంతకమని మా మనవి. మధుమేహం, పాత మూత్రపిండ వ్యాధి ఉంటే ముందే చెప్పాలి. నొప్పి మాత్రలు సొంతంగా వాడరాదు. మూత్రం తగ్గినా, కండరాలు నీరసించినా, గుండె దడ వచ్చినా వెంటనే వైద్యునికి తెలపాలి. ఈ చికిత్సలో ఒంట్లో నీరు తగ్గడం హానికరం. రమజాన్‌లో వ్యాధిగ్రస్తుడు ఉపవాసాన్ని వాయిదా వేసుకునే సడలింపు షరీఅత్‌లోనే ఉంది. దానిని స్వీకరించడం విశ్వాసలోపం కాదని ఇంటి పెద్దలకు నచ్చజెప్పుదాం.