పాత సామాన్లోడి కన్నా ముందు మనం చూద్దాం

కమోడోర్ 64 పేరు మనలో కొందరైనా వినే ఉంటారు. 1982లో వచ్చిన హోమ్ కంప్యూటర్. దాని తమ్ముడు కమోడోర్ 65 మాత్రం అంగడి మొహం చూడలేదు. కంపెనీ 1991లో ఆ ప్రాజెక్టు ఆపేసింది. 1994లో కంపెనీయే దివాలా తీసింది. ఉన్న సామానంతా అమ్మేస్తుంటే కొన్ని ప్రోటోటైప్‌లు బయటివాళ్ల చేతికొచ్చాయి. వాళ్లు దాచిపెట్టబట్టే, ఆ డిజైన్ ఆధారంగా ఎఫ్‌పీజీఏ చిప్ మీద మెగా65 తయారై 2022లో జనాలకు చేరింది. ముప్పై ఏళ్లు ఆలస్యంగా పుట్టిన బిడ్డ అన్నమాట!

"ఎమ్యులేటర్ ఉంది కదా మామా, పాత బోర్డులెందుకు?" అంటారు. ఆ ఎమ్యులేటర్ ఆకాశం నుంచి ఊడిపడిందా? ఎవరో అసలు బోర్డు ముందు కూర్చుని, రోమ్ చిప్‌లో ఉన్నది కాపీ తీస్తేనే వచ్చింది. అమ్ముడైన మిషన్ ఒకటి పోతే ఇంకోటి దొరుకుతుంది. ప్రోటోటైప్ పోతే పోయినట్టే.

ఇదంతా దొరల దేశం గొడవ అనుకోకండి. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మన కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే ప్రయోగం మొదలుపెట్టాయి. అందులో పల్లె ఆడవాళ్లకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటర్, ఎండతో చార్జ్ చేసుకునే ఏర్పాటు ఇచ్చారు. వాళ్లు ఊరూరా తిరిగి ఫొటో తీసి, అక్కడికక్కడే ప్రింట్ చేసిచ్చి సంపాదించుకున్నారు. అది కంప్యూటర్ కాకపోవచ్చు. కానీ మన పల్లెల్లో పరీక్షకు దిగిన సరుకు. అలాంటి సెట్టు ఒక్కటైనా ఏ అటక మీదైనా ఉందేమో వెతకాల్సింది ఎవరు? మనమే కదా.

పలమనేరు పరిశోధన కేంద్రంలో మందను సాకుతూ రాబట్టే పుంగనూరు ఆవు ఇవాళ రీల్స్‌లో గెంతుతోంది. 1919లో మదనపల్లె బీటీ కాలేజీలో ఠాగూర్ జనగణమనను ఇంగ్లిషులోకి మార్చిన సంగతి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఆవుకూ, కాగితానికీ ఇచ్చిన విలువ సర్క్యూట్ బోర్డుకెందుకు ఇవ్వం?

పైగా టైమ్ లేదు. ఈప్రామ్ చిప్‌లో డేటా చార్జ్ రూపంలో ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ కారిపోతుంది. గాజు కిటికీ మీది స్టిక్కర్ ఊడి ఎండ తగిలితే ఇంకా త్వరగా చెరిగిపోతుంది. పాత చార్జింగ్ బ్యాటరీ కారి బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది.

అందుకే ల్యాబ్ సామాను స్క్రాప్‌కు వేసే ముందు ఒక్కరోజు మనకివ్వమని హెచ్‌ఓడీ సార్లను అడుగుదాం. ఫొటోలు తీద్దాం, చిప్‌లు కాపీ చేద్దాం, ఎవరు ఏ సంవత్సరంలో చేశారో రాసి అతికిద్దాం. స్విచ్ వేసి చూడాలన్న దురద మాత్రం ఆపుకోండి, ముందు కెపాసిటర్లు చూడాలి. మన ఫైనలియర్ ప్రాజెక్టులదీ ఇదే గతి: వైవా అయిన సాయంత్రమే సెన్సర్లు పీకేసి జూనియర్‌కు అమ్మేస్తాం. రిలీజ్ కాని హార్డ్‌వేర్ అంటే అదే కదా! బ్యాచ్‌కు ఒక్క బోర్డు మిగిల్చినా చాలు.

లైబ్రరీలో ఒక బీరువా ఇప్పించండి. తాళం మన క్లబ్బు దగ్గర ఉంటుంది.