ముందు దస్త్రములు, తరువాత యంత్రము

యాడికి వంటి మెట్టసీమ గ్రామములలో సైతము నేడు కంప్యూటరు వింత వస్తువు కాదు. నేతగాని చీరల నమూనాలు, రైతుల అడంగలు ప్రతులు, పంట బీమా రసీదులు, పిల్లల మార్కుల పట్టికలు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు ఆ పెట్టెయందే యుండుచున్నవి. ఒకనాడది మొరాయించును. ఇంటివారు దానిని దుకాణమునకు గొనిపోవుదురు. "వైరస్ పట్టినది, ఫార్మాట్ చేసితిమి" అని దుకాణదారు మరునాడు తిరిగి యిచ్చును. యంత్రము చక్కగా నడచును. అందలి సర్వస్వము మాత్రము పోయియుండును. ఇది తలనొప్పికి తల తీసిన చికిత్స. యంత్రమును మరల కొనవచ్చును. దస్త్రములను ఏ యంగడిలోను కొనజాలము. కావున ముందు దస్త్రములను రక్షించి, పిదప యంత్రమును శుద్ధి చేయవలయునని మా దృఢాభిప్రాయము.

ఈ యాపద పట్టణములకే పరిమితమని భ్రమింపరాదు. 2017 మే 12వ తేదీన వన్నాక్రై యను రాన్సమ్‌వేరు నూటయేబది దేశములకు పైగా వ్యాపించెను. దస్త్రములకు రహస్యలిపి యను తాళము వేసి, 300 డాలర్లు చెల్లించిననే తీసెదమని బెదరించుట దాని పద్ధతి. మన రాష్ట్రమున పోలీసు శాఖ కంప్యూటర్లకే యది సోకెను. 2019లో ఉభయ తెలుగు రాష్ట్రముల విద్యుత్పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇట్టి దాడికే గురియయ్యెను. వన్నాక్రైకి దారి యిచ్చిన లోపమును అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన స్వప్రయోజనమునకై గుప్తముగా నుంచుకొనగా, ఆ యాయుధము దొంగల పాలయ్యెను. అగ్రరాజ్యము దాచిన కత్తి యూరూరను గుచ్చుకొన్నది. ఐనను దోషమంతయు పరులదే యనుట న్యాయము కాదు. ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలలు ముందుగనే, విడుదల చేసియుండెను. దానిని వేసికొనని యిండ్లలోనే దొంగ ప్రవేశించెను.

జాడ్యము సోకినదని తోచిన తక్షణము ఇంటర్‌నెట్ తీగను ఊడదీయవలయును; వైఫైని ఆపవలయును. సెల్‌ఫోనునుగాని పెన్‌డ్రైవునుగాని దానికి తగిలింపరాదు. దస్త్రముల పేర్లు కన్నుల యెదుటనే మారుచున్నచో విద్యుత్తును వెంటనే ఆపుటయే మేలు. బ్యాంకు సంకేతపదములను మరియొక శుద్ధమైన యంత్రము నుండి మార్చుకొనవలెనేగాని ఆ రోగి చేతనే మార్పింపరాదు.

పిదప దస్త్రములను వెలికి తీయవలయును. శుద్ధమైన యంత్రమున సిద్ధపరచిన లినక్సు పెన్‌డ్రైవుతో రోగియంత్రమును నడపినచో, అందలి విండోస్ నిద్రలోనే యుండును, సామాన్యముగా వైరస్సును నిద్రలోనే యుండును. అప్పుడు పత్రములను, చిత్రములను, పాటలను మాత్రమే వేరొక డిస్కునకు ఎక్కించుకొనవలయును. ప్రోగ్రాములను, దొంగప్రతులను తాకరాదు. పేరు చివర పీడీఎఫ్ అని కనిపించినను, దాని వెనుక ఈఎక్స్ఈ యను తోక దాగియున్నచో అది పత్రము కాదు. పత్రవేషము వేసిన దొంగ. ఇట్లు తెచ్చిన దస్త్రములను పరీక్షించిన పిమ్మటనే తెరవవలయును.

జిరాక్సు దుకాణములలోను, ఫోటో స్టూడియోలలోను తరచుగా కనబడు వింత యొకటి గలదు. పెన్‌డ్రైవులోని ఫోల్డర్లన్నియు మాయమై వాని స్థానమున షార్ట్‌కట్లు మిగులును. సర్వము పోయినదని జనులు విలపించి ఫార్మాటు చేయింతురు. నిజమునకు చాల సందర్భములలో దస్త్రము లెచ్చటికిని పోలేదు. వైరస్ వానిని మరుగుపరచినది, అంతే. ఆ షార్ట్‌కట్లను నొక్కక, మరుగుపడిన వానిని జూపు మీటను వాడినచో అవి బయల్పడును. అజ్ఞానము చేత మనము చేయించిన నాశనము వైరస్ చేసిన దానికంటె నధికము!

యంత్రశుద్ధికి పరదేశపు బేరగాండ్ర నాశ్రయింప నక్కరలేదు. 2017 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వ సంస్థయగు సెర్ట్-ఇన్ సైబర్ స్వచ్ఛతా కేంద్రమును నెలకొల్పి ఉచిత సాధనములను అందించుచున్నది. విండోస్‌లోనే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ అను పరీక్ష గలదు. అప్పటికిని సందేహము తీరనిచో, దస్త్రములు భద్రమైన పిమ్మట, డిస్కును తుడిచి క్రొత్తగా వ్యవస్థను స్థాపించుటయే రాచబాట. విమోచన ధనము మాత్రము చెల్లింపరాదు. ఇచ్చినను తాళము తెరచునను పూచీ లేదు. ఆ ధనము రేపటి దాడికి పెట్టుబడి యగును. కొన్ని తాళములకు చెవులు నో మోర్ రాన్సమ్ అను వేదికయందు ఉచితముగనే లభించుచున్నవి. ధనము పోయినచో 1930 నంబరునకు తక్షణము ఫోను చేయవలయును.

అన్నిటికంటె ముఖ్యము ముందుజాగ్రత్త. కరవు నెరిగిన అనంతపురపు రైతునకు దీనిని మేము నేర్పవలెనా? ఎంతటి యాకటి యేడైనను వేరుసెనగ విత్తనమును తినక, వేరుగా దాచుట వాని ధర్మము. దస్త్రములకును అదియే నీతి: మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములలో, అందొకటి యింటి వెలుపల. నకలు తీసిన డిస్కును యంత్రమునకు తగిలించియే యుంచినచో దొంగ దానిని గూడ దోచును, విడదీసి దాచవలయును. బ్రౌను దొర కడపలో పండితులను గూర్చి శిథిలమగుచున్న తాళపత్రములకు ప్రతులు వ్రాయించెను. పరదేశీయుడు మన వాఙ్మయమునకు చేసిన పాటి పని మన యింటి పత్రములకు మనము చేసికొనలేమా? రెండవ డిస్కు కొనుటకు పేదకు శక్తి యెక్కడిదని కొంద రనవచ్చును. సర్వమును దాచ నక్కరలేదు. భూమి పత్రములు, చదువు పత్రములు, నమూనాలు, కొన్ని చిత్రములు చిన్న పెన్‌డ్రైవులోనే యిమిడిపోవును.

తుదకు ప్రభుత్వమునకు నొక మాట. 2019లో గ్రామ సచివాలయములకు డిజిటల్ అసిస్టెంట్లను నియమించిరి. గ్రామస్థుల డిస్కులను నెల కొకమారు పరీక్షించుట, నకలు తీయుట నేర్పుట వారి విధిగా నేల చేయరాదు? ప్రమాద హెచ్చరికలు తెరపై ఆంగ్లమున వెలసినచో యాడికి నేతగానికి అవి యెట్లు బోధపడును? తెలుగున వ్రాసిన యొక చిన్న కరపత్రము ప్రతి గ్రంథాలయపు గోడపై నుండవలదా? ఇల్లు కాలిన పిమ్మట బావి త్రవ్వు నలవాటు మనకు చాల నష్టము కలిగించినది. ఈ యాదివారము పాఠకులు తమ పత్రముల కొక ప్రతి తీసి వేరుచోట దాచుకొందురుగాక.