బస్తర్ బిడ్డను కాగితం అడక్కండి, పేరు అడగండి!

చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం మండలాల ఉపాధ్యాయులారా, సర్పంచులారా, మిర్చి రైతులారా!

2005లో బస్తర్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం దళాలు మొదలయ్యాక ఊళ్లు తగలబడి, వేలాది మంది గోదావరి అడవులకు వచ్చిపడ్డారు. 2011లో సుప్రీంకోర్టు ఆ దళాలను రద్దు చేయమంది. వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే ఉండిపోయారు. మనం గుత్తికోయలంటాం. పోడు నేలలో వాళ్ల గుడిసె ఎన్నాళ్లుంటుందో ఎవరికీ తెలియదు. వీళ్లుగాక, సంక్రాంతి దాటాక సుక్మా, బీజాపూర్ నుంచి మిర్చి కోతకు దిగే జట్లు వేరు. చేను గట్టునే పట్టా కప్పుకుని కాలం గడుపుతారు.

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, ములుగు జిల్లా మిర్చి చేల నుంచి నడిచి నడిచి బీజాపూర్‌లో ఇంటికి చేరువలో ప్రాణం విడిచిన 12 ఏళ్ల పిల్ల గుర్తుందా? బడిలో ఉండాల్సిన వయసది.

మన బడిబాట జూన్‌లో. కోత జట్లతో పిల్లలు దిగేది జనవరిలో. అసలు చిక్కు ఇదే. విద్యాహక్కు చట్టం (2009) మాత్రం ఏ నెలలో వచ్చినా చేర్చుకోమంటోంది. టీసీ లేదని, పుట్టినతేదీ పత్రం లేదని వెనక్కి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. తిరిగి వెళ్లేటప్పుడు టీసీ వెంటనే చేతికివ్వాలి. ఆలస్యం చేసిన హెడ్‌మాస్టరే జవాబుదారీ. ఆధార్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మాస్టార్లూ, మధ్యాహ్న భోజనం వేళ చంకలో చంటిదాన్ని వేసుకుని గేటు బయట నిలబడే పిల్లను చూడండి. లోపలికి పిలవండి. చంటిదాన్ని అంగన్‌వాడీకి చేర్చితేనే అక్క బడికొస్తుంది. నోరు విప్పని పిల్ల మొద్దు కాదు, తెలుగు రాదంతే. మన కోయ గూడేల మాట వాళ్ల మాటకు దగ్గర. పెద్ద తరగతి కోయ పిల్లను పక్కన కూర్చోబెట్టండి. ఇల్లెక్కడని నలుగురిలో అడగొద్దు.

అమెరికాలో ఇల్లులేని పిల్లల బాగోగులు చూడటానికి ప్రతి విద్యా జిల్లాలో ఒక మనిషి ఉండాలని చట్టమే చెబుతోంది. మన బడికొక్క టీచరు ఆ పని నెత్తినేసుకోలేరా?

రైతన్నలారా, కూలి లెక్కలో పిల్లల చేతులు కలపకండి. జట్టు దిగిన రోజే బడికి కబురు పెట్టండి.

ఎక్కడైనా చేర్చుకోబోమంటే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 1098కి ఫోన్ చేయండి. ఈ కరపత్రం చదివాక మీ ఊరి హెడ్‌మాస్టరుకు ఇవ్వండి.