ఎడారిలో ఏసీ, నా పిసినారి లెక్కలు

మాది అనంతపురం. ఎండ గురించి నాకెవడూ పాఠాలు చెప్పక్కర్లేదు అనే పొగరుతోనే ఫీనిక్స్‌లో దిగాను. 2023 వేసవి ఆ పొగరు కాస్తా దించేసింది. ఆ ఏడాది జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు ఇక్కడ 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి (మన లెక్కలో 43 సెల్సియస్) తగ్గలేదు. జూలై 19న కనిష్ఠ ఉష్ణోగ్రతే 97, అంటే 36 సెల్సియస్! అనంతపురంలో పగలు ఎంత మండినా, సాయంత్రం మిద్దె మీద నాలుగు బిందెల నీళ్ళు చల్లి పక్కేసుకుంటే ప్రాణం లేచొచ్చేది. ఇక్కడ రాత్రి కూడా పొయ్యి ఆరదు.

అందుకని ఇక్కడ మనవాళ్ళు నలుగురు కలిస్తే గ్రీన్ కార్డు తర్వాత మాట్లాడుకునేది ఏసీ బిల్లు గురించే. ఒకాయన 76 అంటాడు, ఇంకొకాయన 80 అంటాడు, మూడో ఆయన "మేం పగలంతా ఆపేస్తాం బాస్" అని గొప్పగా చెప్తాడు. ఆ మూడో ఆయన్ని నేనే. ఆ గొప్ప ఎలా తగలడిందో చెప్తాను.

ఆ మే నెలలో మా అమ్మ వచ్చింది. 68 ఏళ్ళు, బీపీ మాత్రలు వేసుకుంటుంది. ఆవిడకి మేడ మీద పడమటి గది ఇచ్చాం. నేనూ మా ఆవిడా పొద్దున్న ఆఫీసులకి పోతూ థర్మోస్టాట్‌ని 88కి పెట్టేవాళ్ళం. "ఒక్క మనిషే కదా, అనంతపురం మనిషి, ఫ్యాన్ ఉందిగా" అని నా లెక్క. ఆవిడ కూడా "నాకేం నాయనా, మన ఎండల ముందర ఇదెంత" అనేది. థర్మోస్టాట్ మాత్రం ముట్టుకునేది కాదు, నొక్కితే ఏమవుతుందో అని భయం. బిల్లు ఎంతొస్తుందో కూడా మేం మాట్లాడుకుంటుంటే విని ఉంటుంది.

జూలైలో ఒక రోజు సాయంత్రం వచ్చేసరికి అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. "కండ్లు తిరుగుతున్నాయిరా, ఒక్క నిమిషం కూర్చుంటే సరిపోతాది" అంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయన్నాడు. పెద్దవాళ్ళకి దాహం సరిగ్గా తెలియదు, పైగా కొన్ని బీపీ మాత్రలు ఒంట్లోంచి నీళ్ళు లాగేస్తాయి అని చెప్పాడు. ఇంటికొచ్చి పది డాలర్ల థర్మామీటరు ఒకటి కొని ఆవిడ గదిలో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం కింద హాల్లో థర్మోస్టాట్ 88 చూపిస్తుంటే పైన ఆ గదిలో 94. మనం పెట్టే అంకె ఇంటి మొత్తానిది కాదండీ, థర్మోస్టాట్ తగిలించిన ఆ గోడది మాత్రమే. ఇన్నేళ్ళు ఇంజనీరునని చెప్పుకుంటూ ఆ ముక్క తెలుసుకోలేదు.

అసలు సిగ్గుపడాల్సిన విషయం ఇంకోటుంది. ఆ నెల బిల్లు 410 డాలర్లు. అంతకుముందు ఏడాది, పగలంతా ఏసీ వేసుకున్నప్పుడు కూడా దాదాపు అంతే వచ్చింది. అంటే అమ్మని ఉడకబెట్టి నేను మిగిల్చింది సున్నా.

ఎందుకో తెలియాలంటే బిల్లు రెండో పేజీ చదవాలి (మనలో ఎంతమంది చదువుతారు?). మా ప్లానులో సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 4 నుంచి 7 వరకు పీక్. ఆ మూడు గంటల్లో యూనిట్ రేటు ఎక్కువ. అది కాక డిమాండ్ చార్జి అని ఒకటుంది. నెల మొత్తంలో పీక్ సమయంలో ఏ ఒక్క గంట మీరు ఎక్కువ కరెంటు లాగారో, ఆ గంట సగటు ఎన్ని కిలోవాట్లో చూసి, దానికో రేటు కట్టి వసూలు చేస్తారు. నెలంతా సన్యాసిలా బతికి ఒక్క రోజు ఒక్క గంట కక్కుర్తి పడితే చాలు, చార్జి పడిపోతుంది.

ఇప్పుడు నా దినచర్య చూడండి. పగలంతా ఇల్లు కాగిపోతుంది. అయిదుంబావుకి వచ్చి 76కి దించుతాను. నాలుగు టన్నుల ఏసీ ఆగకుండా రాత్రి పదకొండు దాకా మోగుతుంది, అదే నాలుగు కిలోవాట్ల పైన. అదే సమయంలో ఎలక్ట్రిక్ పొయ్యి మీద వంట, డ్రయ్యర్‌లో బట్టలు. మా ఇంటి పీక్ 9 కిలోవాట్లు. చవగ్గా వచ్చే గంటల్లో ఆపి, ఖరీదైన గంటల్లో అంతా ఒకేసారి వేసుకున్నామన్నమాట.

మనం ఆఫీసులో చేసే పని దీనికి సరిగ్గా తలకిందులు. బ్యాచ్ జాబులన్నీ రాత్రికి తోస్తాం, పీక్‌లో డేటాబేస్ మీద బరువు పడకుండా కాపలా కాస్తాం. ఇంటికొచ్చేసరికి ఆ బుర్ర ఎక్కడ పెట్టేస్తామో!

ఆగస్టు నుంచి పద్ధతి మార్చాను. పన్నెండు నుంచి నాలుగు దాకా 75. నాలుగు నుంచి ఏడు దాకా 81, ఫ్యాన్లతో. ఏడు తర్వాత 78. ముందే చల్లబడ్డ గోడలూ టైల్సూ కాసేపు చల్లదనం పట్టుకుంటాయి. ఎండ బాగా ఉన్న రోజు ఆరింటికల్లా ఏసీ మళ్ళీ మొదలవుతుంది, అయినా ముందులాగా మూడు గంటలూ మోగదు. డ్రయ్యర్, డిష్‌వాషర్ రాత్రి తొమ్మిది తర్వాతే. వంట విషయంలో అమ్మే దారి చూపించింది, పొద్దున్న పదకొండుకల్లా రెండు పూటలకీ చేసేసేది. పీక్ 9 నుంచి 4కి దిగింది. మొత్తం యూనిట్లు మాత్రం కొంచెం పెరిగాయి! అయినా బిల్లు 300 లోపలే వచ్చింది. కరెంటు పొదుపు వేరు, బిల్లు పొదుపు వేరు అని నాకప్పుడు తెలిసింది. ఈ రేట్లు ఊరికే పెట్టలేదు కూడా. సాయంత్రం ఊరంతా ఇళ్ళకి చేరి ఏసీలు వేసే వేళకే సోలార్ కరెంటు పడిపోతుంది. మధ్యాహ్నం వాడుకుంటే గ్రిడ్‌కీ మంచిదే.

రెండో సంగతి, వేడిని లోపలికొచ్చాక తరమడం కంటే బయటే ఆపడం చవక. పడమటి కిటికీకి లోపల మందపాటి కర్టెన్లు వేశాను. అమ్మ చూసి "ఎండ లోపలికొచ్చినాక తెర వేస్తే ఏం లాభంరా, బయట తడిక కట్టాల" అంది. నిజమే, గాజు దాటిన వేడి కర్టెన్‌కీ గాజుకీ మధ్య ఉండి చివరికి గదిలోకే వస్తుంది. ఇక్కడ తడికలు దొరకవు గానీ కిటికీ బయట బిగించే సన్ స్క్రీన్లు దొరుకుతాయి. అవి వేశాక ఆ గదికీ హాలుకీ తేడా ఆరు డిగ్రీల నుంచి మూడుకి తగ్గింది.

ఇక అటక. మన రాతి మిద్దెల్లా కాదు ఇక్కడి ఇళ్ళు, చెక్క చట్రం మీద పూత. ఏసీ గాలి గొట్టాలు తీసుకెళ్ళి అటకలో పెడతారు, వేసవి మధ్యాహ్నం అక్కడ 140 డిగ్రీలు మామూలు. ఆ గొట్టాల అతుకులు వదులైతే డబ్బు పెట్టి చల్లబరిచిన గాలి అటకకి పోతుంది. మామూలు ఇళ్ళల్లో 20 నుంచి 30 శాతం గాలి ఇలా పోతుందని ఎనర్జీ స్టార్ వాళ్ళే చెప్తారు. కొత్త ఏసీకి పదివేల పైన పెట్టే ముందు అతుకులకి మాస్టిక్ పూయించండి, అటకలో ఇన్సులేషన్ ఎంత మందం ఉందో చూపించుకోండి.

వాడని గదుల వెంట్లు మూసేయడం మాత్రం మానండి. గొట్టాల్లో ఒత్తిడి పెరిగి లీకులు ఎక్కువవుతాయి తప్ప ఒరిగేదేం లేదు. ఫ్యాన్ మనిషిని చల్లబరుస్తుంది, గదిని కాదు, కాబట్టి గదిలోంచి వెళ్తే ఆపేయండి. మనిషుంటే ఫ్యాన్ వేసి ఏసీని ఓ నాలుగు డిగ్రీలు పైకి పెట్టినా తేడా తెలియదు. మన కూలర్లు మే, జూన్ పొడి గాలిలో బాగా పని చేస్తాయి గానీ, జూలైలో ఇక్కడి మాన్సూన్ తేమ వచ్చాక ఉత్త ఉక్కపోతే. దుమ్ము తుఫాను వచ్చి వెళ్ళిందంటే ఫిల్టరు తీసి చూడండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు, వీసా మీద ఉండి రేపెక్కడో తెలియనివాళ్ళు తలుపు తట్టి సోలార్ అమ్మేవాళ్ళ మాటలకి ఇరవై అయిదేళ్ళ ఒప్పందాల మీద సంతకం పెట్టకండి. ఇంటి సోలార్ కొన్నవాళ్ళకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే 30 శాతం పన్ను రాయితీ కూడా 2025 చివరితో అయిపోయింది. ప్లాన్ మార్చడం, వేళలు మార్చడం, ఫిల్టరు మార్చడం, ఈ మూడింటికీ ఇంటి ఓనరు అనుమతి అక్కర్లేదు. పీక్ తప్పించడం మీ ఇంట్లో కుదరదనుకుంటే డిమాండ్ చార్జి లేని ప్లానే తీసుకోండి, తప్పేం లేదు.

చివరగా ఒక్క మాట. 2023లో ఒక్క మారికోపా కౌంటీలోనే 645 మంది ఎండవేడికి చనిపోయారు. అందరూ రోడ్డు మీద పోయినవాళ్ళు కాదు. ఇళ్ళల్లో పోయినవాళ్ళలో ఎక్కువమందికి ఏసీ పని చెయ్యకో, ఆపేసో, అసలు లేకో. మా అమ్మలాగే "నాకేం ఫర్వాలేదు" అన్నవాళ్ళు వాళ్ళలో ఎంతమంది ఉండి ఉంటారో. మన ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళు ఏసీ వెయ్యమని అడగరు. మనం డాలర్లని రూపాయల్లోకి గుణించి మాట్లాడటం వాళ్ళు వింటారు మరి.

అందుకని నా సలహా ఇదీ. పొదుపు చెయ్యండి, తప్పకుండా చెయ్యండి, కానీ గోడ మీద అంకెతో మొదలుపెట్టకండి. ముందు బిల్లు రెండో పేజీ చదవండి, తర్వాత పడమటి కిటికీ చూడండి, తర్వాత అటక ఎక్కండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళ గదిలో ఒక థర్మామీటరు పెట్టి, థర్మోస్టాట్ నొక్కడం నేర్పించి, "ఎంతొచ్చినా ఫర్వాలేదమ్మా" అని నోటితో చెప్పండి. నేను ఆ మాట జూలై దాకా చెప్పలేదు.

మీ ఇళ్ళల్లో పీక్ ఎంతొస్తోంది? ఇంతకంటే మంచి కిటుకులుంటే చెప్పండి, నేర్చుకుంటాను.