అమెరికా దువా, యూరప్ ఖామోషీ, మన చందా డబ్బా

అమెరికా అంటే డాలర్, హాలీవుడ్, దునియాదారీ. యూరప్ అంటే పాత చర్చీలు, పాదిరీలు, పోప్. మనవాళ్లలో చాలామంది ఖయాల్ ఇదే. హకీకత్ మాత్రం ఉల్టా. ప్యూ రీసెర్చ్ సెంటర్ వాళ్లు 2018లో చెప్పిన లెక్క ప్రకారం అమెరికాలో రోజూ దువా చేసేవాళ్లు నూటికి 55 మంది. బ్రిటన్‌లో 6 మంది. యూరప్ దేశాల సగటు 22. రెండు చోట్లా డబ్బుంది, చదువుంది, సైన్స్ ఉంది. రెండు చోట్లా ఎక్కువమంది నసారా ఖాందాన్ల నుంచి వచ్చినవాళ్లే. మరి ఇంత ఫర్క్ ఎందుకు?

ఇది గోరెవాళ్ల మసలా, పరవాడలో ఉన్న మనకెందుకు అనుకోకండి. మసీదు ఇమామ్ సాహెబ్‌కి తన్‌ఖా ఎవరివ్వాలనే బహస్ మన దగ్గర నడుస్తూనే ఉంది. దానికి జవాబు ఈ ఫర్క్‌లోనే దొరుకుతుంది.

అమెరికా రాజ్యాంగానికి 1791లో మొదటి సవరణ వచ్చింది. హుకూమత్ ఏ మజ్‌హబ్‌నీ సర్కారీ మజ్‌హబ్‌గా నిలబెట్టకూడదని అది చెప్పింది. కొన్ని రాష్ట్రాలు తమ సర్కారీ చర్చీలను ఇంకొంత కాలం నడిపించాయి. ఆఖరున మసాచుసెట్స్ కూడా 1833లో వదిలేసింది. అప్పటినుంచి జనం వస్తేనే చందా, చందా వస్తేనే పాదిరీ ఇల్లు గడిచేది. అందుకే మెథడిస్టు పాదిరీలు గుర్రాలెక్కి అడవుల్లోని ఊళ్లదాకా పోయారు. చర్చీలు బడులు పెట్టాయి, వలస వచ్చినవాడికి ఆసరా అయ్యాయి. ఇవాళ కూడా అక్కడ చర్చి అయినా, మసీదైనా, మన తెలుగువాళ్లు కట్టుకున్న గుడైనా, నడిచేది వచ్చేవాళ్ల చందాతోనే.

యూరప్ దారి వేరు. ఇంగ్లండ్‌లో చర్చికి పెద్ద రాజే. 26 మంది బిషప్పులకు పార్లమెంటు ఎగువ సభలో కుర్చీలున్నాయి. స్వీడన్‌లో లూథరన్ చర్చి 2000 సంవత్సరం దాకా సర్కారీ చర్చే. జర్మనీలో చర్చి సభ్యులు కట్టే ఆదాయపు పన్ను మీద ఇంకో 8, 9 శాతం చర్చి పన్ను పడుతుంది, దాన్ని వసూలు చేసేది సర్కారే. ఆ చర్చీలకు పైసలకు కొదవ లేదు. బెంచీలు ఖాళీ. ఆదివారం పదిమందే వచ్చినా పాదిరీ తన్‌ఖా ఆగదు కదా. రాడ్నీ స్టార్క్, రోజర్ ఫింకే లాంటి సోషియాలజిస్టులు చాలాకాలంగా చెబుతున్న మాట ఇదే.

ఫ్రాన్స్ 1905లోనే చర్చినీ సర్కారునీ వేరు చేసింది, అక్కడా బెంచీలు ఖాళీయే కదా అని ఎవరైనా అడగొచ్చు. సవాల్ సహీ. కానీ అంతకు ముందు వందల ఏళ్లు ఆ చర్చి బాద్‌షాల పక్కన నిలబడింది. 1789లో జనం బాద్‌షా మీద తిరగబడ్డప్పుడు పాదిరీల మీద కూడా తిరగబడ్డారు. ఉల్టా పోలండ్ చూడండి. పరాయి హుకూమత్‌ల కింద జనం నలిగినప్పుడు చర్చి జనం వైపు నిలబడింది. అందుకే అక్కడ ఈమాన్ చాలాకాలం గట్టిగా నిలిచింది.

ఇంకో జవాబు కూడా ఉంది. పిప్పా నారిస్, రొనాల్డ్ ఇంగ్లహార్ట్ అనే ఇద్దరు స్కాలర్లు 2004లో ఒక పుస్తకం రాశారు. రేపటి గురించి ఫిక్ర్ ఎక్కువున్న చోట మజ్‌హబ్ ఎక్కువ ఉంటుందన్నది వాళ్ల దలీల్. యూరప్‌లో జబ్బు చేస్తే సర్కారు చూసుకుంటుంది. అమెరికాలో నౌకరీ పోతే చాలామందికి ఇన్సూరెన్స్ కూడా పోతుంది.

పరవాడ వాళ్లకి ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. అటు ఉక్కునగరం ఉంది. పర్మినెంటు నౌకరీ, క్వార్టర్, ఆసుపత్రి, పిల్లలకి స్కూలు. అది మన చిన్న యూరప్. 2021 జనవరిలో స్టీల్ ప్లాంటు అమ్మకం నిర్ణయం వచ్చాక అక్కడికీ ఫిక్ర్ చేరిందనుకోండి. ఇటు ఫార్మా సిటీ, సింహాద్రి పవర్ ప్లాంటు. కాంట్రాక్టరు పిలిస్తే పని, లేకపోతే లేదు. 2024 ఆగస్టు 21న పక్కనే అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కంపెనీలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. కొడుకుని నైట్ షిఫ్టుకి పంపిన అమ్మ ముసల్లా మీద ఎంతసేపు కూర్చుంటుందో మనకు తెలుసు. ఆమె హిందువైతే దీపం ముందు, క్రైస్తవురాలైతే బైబిల్ ముందు అంతసేపే కూర్చుంటుంది.

కాబట్టి సఫ్‌లు నిండాయని మనం మురిసిపోవాల్సిన పని లేదు. అందులో కొంత ఈమాన్, కొంత మజ్బూరీ. కానీ ఖౌఫ్ మనిషిని మసీదు గుమ్మం దాకా తెస్తుందంతే. అక్కడ తనని పట్టించుకునేవాడు దొరికితేనే రేపు మళ్లీ వస్తాడు.

ఈ సంగతి మన బుజుర్గులకు అమెరికా పోకుండానే తెలుసు. 1857 తర్వాత అన్నీ పోగొట్టుకున్న రోజుల్లో, 1866లో, దేవ్‌బంద్ మదరసా మొదలైంది. మౌలానా ఖాసిం నానౌతవీ దానికి రాసిపెట్టిన ఎనిమిది ఉసూళ్లలో ఆమ్ జనం చందా మీదే భరోసా పెట్టారు. పక్కా ఆమ్దనీ మీద, సర్కారు షిర్కత్ మీద హెచ్చరిక చేశారు.

ఇప్పుడు మన ఆంధ్రప్రదేశ్ సంగతి. వక్ఫ్ మసీదుల ఇమామ్‌లకు తన్‌ఖా ఇవ్వాలని సుప్రీంకోర్టు 1993లో తీర్పు ఇచ్చింది. మన రాష్ట్రంలో ఇమామ్‌కి 5,000, మౌజన్‌కి 3,000గా ఉన్న గౌరవ వేతనం 2021లో 10,000, 5,000 అయింది. పాస్టర్లకూ ఇస్తున్నారు. పార్టీలు దాన్ని మేనిఫెస్టోల్లో పెట్టి వోట్లడుగుతున్నాయి. గరీబ్ ఇమామ్ ఆ పైసలు తీసుకోవడాన్ని నేను తప్పు పట్టను. పిల్లల ఫీజు కట్టాలి, కిరాణా తేవాలి. నా షికాయత్ మన కమిటీల మీద. సర్కారు ఇస్తోంది కదా అని జమాత్ ఇచ్చే తన్‌ఖా తగ్గించే కమిటీలున్నాయి. బిల్లు నెలల తరబడి ఆగితే ఇమామ్ సాహెబ్ అప్పు చేసుకోవాలి. ఆఫీసుల చుట్టూ తిరిగే ఇమామ్, ఫ్యాక్టరీల్లో చనిపోతున్న లేబర్ గురించి ఖుత్బాలో నోరు విప్పగలడా? టర్కీలో ఇమామ్‌లు సర్కారీ ఉద్యోగులు. జుమా ఖుత్బా అంకారా నుంచి రాసి వస్తుంది. మనకి కావాల్సింది అదేనా?

అమెరికాలోనూ ఇప్పుడు గాలి మారుతోంది. ఏ మజ్‌హబ్ లేదనేవాళ్లు 2007లో నూటికి 16 మంది; ఈమధ్య 28, 29 దాకా వచ్చారు. చర్చి ఒక పార్టీ జెండా పట్టుకోవడం దీనికి ఒక కారణమని అక్కడి స్కాలర్లే కొందరు అంటున్నారు. సర్కారు పైసా అయినా, పార్టీ జెండా అయినా, జమాత్‌ని దూరం చేస్తే నుక్సాన్ ఒకటే.

అందుకే ప్రతి మసీదు కమిటీకి నా గుజారిష్. ఇమామ్ తన్‌ఖా గౌరవంగా బతికేంత ఉండాలి, అది జమాతే ఇవ్వాలి. సర్కారు ఇచ్చేది దాని పైన అదనం. నెలకోసారి లెక్క గోడ మీద అంటించాలి. బీహార్ నుంచో ఒడిశా నుంచో వచ్చి ఫార్మా సిటీలో పనిచేసే భాయ్ వేసే పది రూపాయలు కూడా అందులో కనపడాలి, కమిటీలో అతనికి ఒక కుర్చీ కూడా ఉండాలి.