ఇంట్లో సముద్రపు అక్వేరియం: పొదుపు పరికరాలలో పాటించాలి, ప్రాణులలో కాదు

పట్టణాలలోను, చిన్న ఊళ్లలోను మంచినీటి చేపల అక్వేరియం కొత్త వస్తువు కాదు. ఇప్పుడు యువత ఆసక్తి దానిని దాటి, పగడాలతో, రంగురంగుల సముద్రపు చేపలతో నిండిన తొట్టి వైపు మళ్లుతున్నది. తక్కువ ఖర్చుతో అటువంటి తొట్టిని ఎలా అమర్చుకోవాలో చెప్పే సమాచారం చాలావరకు విదేశాలలో తయారైనది. పెంచిన పగడపు ముక్కలను చట్టబద్ధంగా కొనుక్కోగల దేశాలకు, చల్లని వాతావరణానికి అనువుగా రాసినది. దానిని తెలుగు రాష్ట్రాలలో యథాతథంగా అనుసరిస్తే రెండు చోట్ల చిక్కు వస్తుంది. ఒకటి చట్టం, రెండవది వేసవి. ఈ రెండింటినీ లెక్కలోకి తీసుకొని ప్రజలకు సరైన మార్గం చూపవలసిన బాధ్యత మత్స్య, వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలపై ఉన్నది. ఆ మార్గం పగడం లేని సముద్రపు తొట్టి.

ముందుగా చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి జంతువులకే పరిమితమన్న అభిప్రాయం చాలామందిలో ఉన్నది. 2001లోనే భిత్తికలను నిర్మించే రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు ఆ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినా వాటికి రక్షణ తొలగలేదు. మొదటి షెడ్యూలు ప్రాణికి సంబంధించిన నేరానికి కనీసం 3 సంవత్సరాల జైలు శిక్ష ఉన్నది. ఈ నిషేధం ప్రాణమున్న పగడానికే కాక దాని చచ్చిన ముక్కలకూ వర్తిస్తుంది. 'లైవ్ రాక్' అనే పేరుతో గుట్టుగా అమ్ముడయ్యే రాళ్లలో అధిక భాగం పగడపు రాయే. అమ్మినవాడు మాత్రమే దోషి అనుకోవడం పొరపాటు. కొని ఇంట్లో ఉంచుకున్నవాడూ దోషే. కుతూహలంతో కొనే విద్యార్థికి ఈ విషయం ముందుగా చెప్పేవారు కరువైనారు.

చట్టం ఇంత కఠినంగా ఉండడానికి జీవశాస్త్రపరమైన కారణం ఉన్నది. గుండ్రాయి వలె పెరిగే పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతుంది. పిడికెడు ముక్క వెనుక కొన్నేళ్ల పెరుగుదల ఉంటుంది. దేశంలో ప్రవాళ భిత్తికలు మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్-నికోబార్ దీవుల వంటి కొద్ది చోట్లనే ఉన్నాయి. 1998, 2010, 2016 సంవత్సరాలలో సముద్రజలం వేడెక్కినందున వాటిలో పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయి. అప్పటికే దెబ్బతిన్న వనరు నుండి ఇంటి అలంకారం కోసం ముక్కలు తెచ్చుకోవడాన్ని ఏ పొదుపు లెక్కా సమర్థించలేదు.

విశేషమేమంటే, చట్టం వద్దన్నదే ఖర్చును పెంచేది కూడా. పగడపు తొట్టికి మూడు భారమైన అవసరాలు ఉన్నాయి. పగడం కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు ఆహారం తయారు చేసుకోవడానికి తీవ్రమైన ప్రత్యేక కాంతి కావాలి. పగడం తన సున్నపు అస్థిపంజరాన్ని నిర్మించుకోవడానికి నీటిలో కాల్షియం లీటరుకు 400 నుండి 450 మిల్లీగ్రాముల స్థాయిలో, క్షారతతో సమతూకంగా నిలవాలి. నీటి ఉష్ణోగ్రత 25 నుండి 28 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. వేసవిలో గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటే ఇళ్లలో మూడవ షరతు నెరవేరాలంటే నీటిని చల్లబరచే చిల్లరు తప్పనిసరి. పగడం లేకుండా, ఓర్పుగల చేపలను మాత్రమే ఉంచిన తొట్టికి సాధారణ ఎల్‌ఈడీ దీపం చాలు. కాల్షియం మోతాదుల గొడవ ఉండదు. నీటి ఉపరితలంపై గాలి వీచే చిన్న ఫ్యానుతో వేసవిని చాలావరకు నెట్టుకురావచ్చు. పొడి వేడి ఉండే తెలంగాణలో ఈ ఫ్యాను బాగా పనిచేస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో దాని ప్రభావం తక్కువ కనుక, తొట్టిని ఇంట్లోకెల్లా చల్లగా ఉండే గదిలో, ఎండ పడని చోట అమర్చాలి.

లెక్క వేసి చూస్తే ఈ తొట్టి సామాన్య కుటుంబానికి అందనిది కాదు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టిలో రాళ్లు, ఖాళీ పోగా సుమారు 150 లీటర్ల నీరు పడుతుంది. లీటరుకు 35 గ్రాముల చొప్పున మొదట ఐదు కిలోలకు పైగా సముద్రపు లవణ మిశ్రమం కావాలి. వారానికి 15 లీటర్ల నీరు మార్చితే ఏడాదికి మరో 27 కిలోలు అవుతుంది. 20 వాట్ల పంపు రోజంతా, 40 వాట్ల దీపం 8 గంటలు పనిచేస్తే నెలకు 24 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. వంట ఉప్పుతో ఈ లవణానికి బదులు చెప్పలేము. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్లు లేని ఉప్పునీరు సముద్రజలం కాదు. తీరంలో ఉన్నవారు ఒడ్డున నీరు ముంచి తెచ్చుకోవడం కూడా క్షేమం కాదు. గోదావరి, కృష్ణా నదుల వరదల కాలంలో తీరజలాల లవణీయత పడిపోతుంది. రేవుల దగ్గర కాలుష్యం ఉంటుంది. రొయ్యల హేచరీలు వడపోసి, శుద్ధి చేసిన నీరు దొరికితే అదే చౌక, అదే మేలు.

పొదుపు చేయకూడనిది ఒకటున్నది, అది కాలం. కొత్త తొట్టిలో చేపల విసర్జన నుండి పుట్టే అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మార్చే బాక్టీరియా స్థిరపడడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. నీరు నింపిన మర్నాడే చేపలు వదిలితే అవి చనిపోతాయి, మళ్లీ కొంటారు, చౌక అనుకున్న తొట్టి ఖరీదైనదవుతుంది. ఇంకొక సాధారణ పొరపాటు నీరు ఆవిరైనప్పుడు ఉప్పునీరు కలపడం. ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మేరకు క్లోరిన్ లేని మంచినీటినే పోయాలి. విద్యుత్తు పోయినప్పుడు ప్రాణవాయువు అందించే బ్యాటరీ ఎయిర్ పంపు దీపం కంటే ముందు కొనవలసిన వస్తువు.

ఈ విషయాలలో తెలుగు నేలకు ఒక అనుకూలత ఉన్నది. సెలైనిటీ మీటరు, అమ్మోనియా, నైట్రైటు, క్షారత అన్న మాటలు కోస్తా వనామి రైతుకు కొత్తవి కావు. భీమవరం పరిసర గ్రామాలలో నీటిని పరీక్షించే ఆక్వా ల్యాబులు ఉన్నాయి. ఇంటి తొట్టికి కావలసిన పరీక్షలలో ముఖ్యమైనవి అవే. ఆ విజ్ఞానాన్ని చెరువు గట్టు నుండి ఇంటి గదికి తీసుకురావడమే విస్తరణ కృషి.

రాళ్లకూ, చేపలకూ ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. సున్నపురాయి వర్గానికి చెందిన నాపరాయి ముక్కలను పేర్చి గుహలు కట్టవచ్చు. దానిలో రంధ్రాలు తక్కువ కనుక బాక్టీరియాకు ఆవాసంగా వడపోత గదిలో సిరామిక్ రింగులు వేయాలి. చేపల విషయంలో క్లౌన్ చేప మొదటి ఎంపిక కావాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దీని హేచరీ ఉత్పత్తి పద్ధతులను రూపొందించింది. గుడ్లు సుమారు వారంలో పొదుగుతాయి. పిల్లలకు మొదట రోటిఫర్లు, తరువాత ఆర్టీమియా మేతగా ఇస్తారు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపకు బతకడానికి సముద్ర పుష్పం తోడు అవసరం లేదు. మంచినీటి అలంకార చేపలలో ఎక్కువ భాగం పెంపకం నుండి వస్తుండగా, సముద్రపు రకాలలో అధిక భాగం ఇప్పటికీ సముద్రంలో పట్టినవే. కొనుగోలుదారు "ఇది హేచరీ పిల్లేనా?" అని అడగడం అలవాటైతేనే ఆ స్థితి మారుతుంది.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఇంటి అలంకారంతో పనేమిటన్న ఆక్షేపణ రావచ్చు. ఆహారోత్పత్తికి ముందు వరుస ఇవ్వాలన్నది న్యాయమే. కానీ పూలసాగు కూడా ఒకప్పుడు ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల పెంపక యూనిట్లకు చోటు కల్పించారు. సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 60 శాతం సాయం నిర్దేశించారు. తీరగ్రామాల మహిళలు హేచరీ పిల్లలను అమ్మదగిన పరిమాణానికి పెంచితే, వాటికి కొనుగోలుదారులు కావాలి. పగడపు ముక్క కోసం వెదికే వినియోగదారుని హేచరీ చేప వైపు మళ్లించగలిగితేనే ఆ యూనిట్లు నిలుస్తాయి. పెంపకపు పగడాలను ఇక్కడ కూడా అనుమతించాలన్న వాదనలో కొంత సబబు ఉన్నది. అయితే పెంచిన ముక్కను, దొంగిలించిన ముక్కను వేరుచేసి చూపే నమ్మకమైన ధ్రువీకరణ వ్యవస్థ లేకుండా ఆ తలుపు తెరిస్తే దెబ్బతినేది భిత్తికలే.

కృషి విజ్ఞాన కేంద్రాలు, మత్స్య కళాశాలలు చేయగల పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి కేంద్రంలో పగడం లేని ఒక ప్రదర్శన తొట్టిని ఏడాది పొడవునా నిర్వహించి, దాని నీటి పరీక్షల ఫలితాలను, ఖర్చును గోడపై రాసి ఉంచాలి. విద్యార్థులకు నత్రజని చక్రం బోధించడానికి అంతకంటె మంచి ప్రయోగశాల ఉండదు. నిషిద్ధ ప్రాణుల చిత్రాలతో తెలుగు కరపత్రం అక్వేరియం దుకాణాలకు చేరాలి. చౌకగా కొన్న దీపం పాడైతే మార్చుకోవచ్చు. విరిచి తెచ్చిన పగడాన్ని తిరిగి సముద్రంలో అతికించలేము. ఈ తేడాను తొట్టి కొనేవారికి ముందుగానే తెలియజేయగలిగితే విస్తరణ వ్యవస్థ తన పని తాను చేసినట్లే.