ప్రశ్నకన్నా ముందు రొట్టె

రెండో పీరియడ్ మొదలై పది నిమిషాలు కాలేదు. మూడో బెంచీలో పిల్లవాడు పుస్తకం మీద తల వాల్చేశాడు. అయ్యవారు లెక్క అడిగితే ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు గాని జవాబు చెప్పలేకపోయాడు. తరగతి అంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడికి 'సోమరి' అనే పేరు స్థిరపడిపోయింది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల బడుల్లో కొత్తేమీ కాని దృశ్యమిది. ముందు రోజు రాత్రి ఆ పిల్లవాడి ఇంట్లో ఏం జరిగిందో మాత్రం ఎవరూ అడగరు.

తల్లిదండ్రులు బెంగళూరులో కట్టడం పనులకు పోతే అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. చీకటితోనే లేచి కొట్టంలో పేడ ఎత్తి, పాలు కేంద్రంలో పోసి, ఆ తర్వాత బడికి పరుగెత్తేవారున్నారు. టమోటా కోతలకు తల్లి కూలికి వెళ్తే చంటి తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లోనే ఆగిపోయే ఆడపిల్లలున్నారు. తండ్రి తాగి వచ్చి తల్లిని కొడుతుంటే రాత్రంతా మూలన ముడుచుకుని కూర్చునేవారూ ఉన్నారు. వీళ్లలో చాలామందికి తెలివి తక్కువ కాదు. మనసు ఇంటి దగ్గర చిక్కుకుపోతే పాఠం చెవికెక్కదు, అంతే.

బైబిలులో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త ఇలాగే కనిపిస్తాడు. కర్మెలు కొండ మీద అంత ధైర్యంగా నిలబడినవాడు, యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి అరణ్యంలోకి పారిపోయాడు. ఒక చెట్టు కింద కూర్చుని చావే మేలని మొరపెట్టుకుని నిద్రపోయాడు. దేవుడు అతణ్ణి నిలదీయలేదు, గద్దించలేదు. దూతను పంపాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం దూరమని చెప్పి మళ్లీ తినిపించాడు. ఎందుకిలా వచ్చావన్న ప్రశ్న నలభై రోజుల తర్వాత, హోరేబు కొండ దగ్గర గాని ఎదురు కాలేదు. రొట్టె ముందు, నిద్ర తర్వాత, ప్రశ్న ఆఖరున. ఈ వరుసను మనం తలకిందులు చేశాం.

సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఆదేశం తర్వాత, 2003 జనవరిలో మన రాష్ట్రంలో బడిపిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆకలితో ఉన్నవాడికి చదువు ఎక్కదన్న సత్యాన్ని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. నలుగురిలో నవ్వులపాలు చేయడం కూడా దెబ్బేనని మనం గుర్తుంచుకోవాలి.

మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం మరో మెట్టు ముందుకు వెళ్లింది. చుట్టుపక్కల పల్లె బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడదీసి, నిచ్చెన మెట్లలా అమర్చారు. ప్రతి బిడ్డా తన మెట్టు తాను ఎక్కుతుంది. పనులకు పోయి కొన్నాళ్లు మానేసిన బిడ్డ తిరిగి వస్తే, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెడుతుంది. వెనకబడ్డావన్న మాట వినాల్సిన పని లేదు. ఈ పద్ధతిని చూసి నేర్చుకున్న చెన్నై కార్పొరేషన్ బడులు దాన్ని తమకు తగినట్టు మలచుకున్నాయి. తర్వాత అది తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నింటికీ విస్తరించింది.

'నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి ఇంటి సంగతీ పట్టించుకోగలమా?' అని ఉపాధ్యాయులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకూ భారాలున్నాయి. ఇంటిని బాగుచేయడం వాళ్ల పని కాదు. అయితే తరగతి అయ్యాక రెండు నిమిషాలు ఒంటరిగా పలకరించవచ్చు. ఇంట్లో దీపం దగ్గర కూర్చునే వీల్లేని బిడ్డకు హోంవర్కు బడిలోనే చేసుకునే వెసులుబాటు ఇవ్వవచ్చు. బిడ్డ చెప్పిన మాట నలుగురికీ తెలియకుండా కాపాడవచ్చు. బిడ్డకు ప్రమాదం ఉందని తోస్తే 1098కి ఫోను చేయాలి. అది చాడీ కాదు, కాపాడటం.

సంఘాలు చేయదగినదీ ఉంది. ఆదివారం కిటకిటలాడే మన మందిరాలు చాలావరకు మిగతా రోజుల్లో తాళం వేసి ఉంటాయి. సాయంత్రం రెండు గంటలు తలుపులు తీసి, లైట్లు వేసి, ఊళ్లోని పిల్లలెవరైనా వచ్చి చదువుకునేలా చేయలేమా? వాళ్ల కులమతాలు అడగనక్కర్లేదు, ప్రసంగమూ అక్కర్లేదు. చదువుకున్న ఒక అక్కో అన్నో తోడుంటే, గుప్పెడు ఉడికించిన వేరుశనక్కాయలుంటే చాలు.

జాలి పేరుతో ఆ పిల్లల్ని తక్కువగా అంచనా వేయడమూ పొరపాటే. దేవుడు ఏలీయాను చెట్టు కిందే వదిలేయలేదు. తినిపించి, నిద్రపుచ్చి, మళ్లీ పనికి పంపాడు. మూడో బెంచీ పిల్లవాణ్ణీ లెక్క అడగాల్సిందే, వాడు చెప్పాల్సిందే. రేపు పొద్దున గుమ్మం దగ్గర 'ఏం నాయనా, తిన్నావా? రాత్రి నిద్రపోయావా?' అని ముందుగా అడుగుదాం. లెక్క సంగతి ఆ తర్వాత చూడవచ్చు.